ఫ్లాష్‌లో చేసిన తెలుగు పాఠాలను బతికించుకోవడం ఎలా? విజయనగరం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

2021 జనవరి 12న పొద్దున్నే విజయనగరంలో మా ఇంట్లో కంప్యూటర్ తెరిచి బొబ్బిలి వీణ పాఠం మీద నొక్కాను. వీణ కనిపించవలసిన చోట ఒక బూడిదరంగు పెట్టె, దాని మధ్యలో ఒక చిన్న గుర్తు, అంతే. 24 మెట్లున్న వీణ బొమ్మ గీసి, ఏ మెట్టు మీద నొక్కితే ఆ స్వరం పలికేలా మా సంగీతం మాస్టారు ఏడాది పాటు కూర్చుని చేసిన పాఠం అది. గొల్లపల్లిలో వీణలు చెక్కేవారి దగ్గరకు వెళ్లి, పనస చెక్క వీణ మీద ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసుకుని వచ్చారు. ఫైలు ఎక్కడికీ పోలేదు, నా కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని ఆడించే ఫ్లాష్ ప్లేయర్ అనే సాధనం మాత్రం ఆ రోజు నుంచి పనిచేయడం మానేసింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయులం కొందరం, ఇద్దరు డీటీపీ పనివారు, ఆ సంగీతం మాస్టారు కలిసి 2005 నుంచి ఏడెనిమిదేళ్ల పాటు ఇలాంటివి చేసి, ఇంటర్నెట్‌లో ఒకరికొకరం పంపుకునేవాళ్లం. సుమతీ శతక పద్యాలు, నాగావళి, వంశధార నదుల పటం, పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారి కూర్చునే సిరిమాను గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగే బొమ్మ, తప్పెటగుళ్లు అనే జానపద కళలోని పాట ఒకటి. వాటిని తిరిగి ఆడించడానికి మేము పడ్డ పాట్లు, చేసిన పొరపాట్లు, చివరికి పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తెలుగు నేల మీద ఏ ఊళ్లో చూసినా ఒక పాత సీడీలోనో, బడి కంప్యూటర్ మూలలోనో ఇలాంటి పాఠాలు ఇంకా పడి ఉన్నాయి. వాటిని చేసినవాళ్లు మన మధ్య ఉండగానే ఈ పని పూర్తికావాలి.

ముందుగా, అసలేం జరిగింది?

కదిలే బొమ్మలు, నొక్కితే స్పందించే పాఠాలు తయారుచేసే ఫ్లాష్ అనే ప్రోగ్రాం 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో పుట్టింది. దాన్ని మాక్రోమీడియా కొనుక్కుని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొనేసింది. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో వంద కిలోబైట్లలో బొమ్మ, కదలిక, పాట, ప్రశ్నలు అన్నీ ఇమిడిపోయేవి. ప్రోగ్రామింగ్ తెలియని పంతులు కూడా నెలరోజులు కూర్చుంటే నేర్చుకోగలిగేవాడు. మన పల్లె బడులకు అది అందిన వరం.

2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్ లేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, భద్రత, బ్యాటరీ, తాకే తెర వంటి కారణాలు చూపి దాన్ని తమ ఫోన్లలోకి రానివ్వబోమని తేల్చేశాడు. భద్రతా లోపాలు ఎన్ని పూడ్చినా మళ్లీ బయటపడుతూనే ఉండేవి. ఈలోగా అదే పనిని బ్రౌజర్లు సొంతంగా చేయడం నేర్చుకున్నాయి. 2017 జులై 25న అడోబీ ప్రకటన వచ్చింది: 2020 చివరితో సరి. చెప్పినట్టే 2020 డిసెంబరు 31న ఆపేశారు. జనవరి 12 నుంచి ప్లేయరే ఏ ఫైలునూ ఆడించకుండా నిరాకరించేలా ముందే ఏర్పాటు చేశారు. చైనాలోని దాలియన్‌లో రైల్వే పనులు ఆ దెబ్బకు తడబడ్డాయి. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ తన పాత దరఖాస్తుల కోసం ప్రత్యేకంగా ఒక బ్రౌజరే తయారుచేసి ఇవ్వవలసి వచ్చింది.

మూడున్నరేళ్ల గడువు ఉందని తెలిసి కూడా మేము 2020 డిసెంబరు దాకా చేతులు ముడుచుకుని కూర్చున్నాం. అందుకే చెబుతున్నాను, ఈ కింది పనుల్లో మొదటిదాన్ని మాత్రం ఈ వారంలోనే మొదలుపెట్టండి.

మొదటి పని: ఉన్నవన్నీ ఒక చోటికి చేర్చండి

ముందు మనుషులను వెతకండి, ఫైళ్లను ఆ తర్వాత. ఎవరెవరు చేశారు, ఎవరి దగ్గర నకలు ఉండవచ్చు అని ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోను చేయండి. మాకు దొరికినవాటిలో సగానికి పైగా ఇలా దొరికాయి. పలాస దగ్గర ఉండే ఒక ఉపాధ్యాయుడి కంప్యూటర్ 2018 అక్టోబరులో తిత్లీ తుపానులో నీళ్లపాలైంది. పాఠాలన్నీ పోయాయనుకున్నాం. కానీ ఆయన 2009లో బొబ్బిలిలోని తన తోడల్లుడికి ఒక సీడీ ఇచ్చారట. పెళ్లి ఫోటోల ఆల్బం వెనుక అరలో అది భద్రంగా ఉంది.

ఫైళ్లు ఏ పేరుతో ఉంటాయో తెలుసుకోండి. పేరు చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉంటే అది ఆడించే ఫైలు. ఎఫ్‌ఎల్‌ఏ అని ఉంటే అది తయారుచేసినప్పటి మూలం. బంగారం కంటే విలువైనది అదే, కనుక దాని కోసం ప్రత్యేకంగా అడగండి. ఎఫ్‌ఎల్‌వీ అంటే వీడియో. ఈఎక్స్‌ఈ అని ఉన్నవాటిని కూడా వదిలిపెట్టకండి. ఫ్లాష్ లేని కంప్యూటర్‌లో కూడా ఆడాలని ప్లేయర్‌తో కలిపి కట్టిన మూటలు అవి, లోపల ఎస్‌డబ్ల్యూఎఫ్ ఉంటుంది. వాటి పక్కన ఎక్స్‌ఎంఎల్, టెక్స్ట్, ఎంపీ3 ఫైళ్లు కనిపిస్తే పనికిరానివి అనుకోకండి. ఒక పాఠం తన పద్యాలను, పాటలను బయటి ఫైళ్ల నుంచి పిలుచుకోవచ్చు. అందుకే ఫోల్డరు ఎలా ఉన్నదో అలాగే మొత్తంగా తీసుకోవాలి. పేర్లు మార్చకూడదు, సర్దకూడదు.

సీడీల విషయంలో కొంచెం ఓపిక కావాలి. మన కోస్తా తేమకు వాటి మీద బూజు చారలు పట్టి ఉంటాయి. మెత్తని నూలు గుడ్డతో, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం ఉన్న దారి వెంటే పడుతుంది, అప్పుడు డ్రైవు చదవలేదు. ఒక డ్రైవులో చదవకపోతే మరో డ్రైవులో పెట్టి చూడండి. మేము మూడు డ్రైవులు మార్చిన తర్వాత తెరుచుకున్న సీడీ ఉంది. తెరుచుకుంది కదా అని అందులోంచే పాఠం ఆడించుకుంటూ కూర్చోవద్దు. వెంటనే సీడీ మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా దించుకుని, సీడీని పక్కన పెట్టండి. చదవలేని చోట్లను దాటవేసి, మిగిలింది తీసుకుని, మళ్లీ వెనక్కి వచ్చి ప్రయత్నించే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, మొండి సీడీలకు దాన్ని వాడండి.

పాత వెబ్‌సైటు మూతపడినా దాని చిరునామా గుర్తుంటే పాత వెబ్ పేజీల నకళ్లను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. పేజీ దొరికి, పాఠం కనిపించకపోతే నిరాశపడవద్దు. పేజీ మూలాన్ని, అంటే దాని వెనకున్న సోర్సు కోడ్‌ను తెరిచి అందులో ఎస్‌డబ్ల్యూఎఫ్ అన్న మాట కోసం వెతికి, ఆ ఫైలు చిరునామాను మళ్లీ విడిగా అడగండి. నదుల పటం మాకు అలాగే దొరికింది.

రెండో పని: మూలప్రతిని ముట్టుకోకుండా ఉంచండి

దొరికినదాన్ని దొరికినట్టే మూలం అనే పేరుతో ఒక ఫోల్డరులో పెట్టి, దాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చండి. ఏ ప్రయోగం చేసినా నకలు మీదే చేయాలి. ప్రతి ఫైలుకూ షా-256 అనే పద్ధతిలో ఒక వేలిముద్ర తీసి రాసి పెట్టుకోండి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. రేపు మీ ప్రతిలోని ఫైలు, నా ప్రతిలోని ఫైలు ఒకటేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ఈ క్రమశిక్షణ లేక మేము ఒక ఫైలు పోగొట్టుకున్నాం. సిరిమాను బొమ్మలో రంగులు వెలిసిపోయినట్టు ఉన్నాయని ఒకరు సరిచేసి పాతదాని మీదే భద్రపరిచారు. రంగులు బాగా వచ్చాయి, డప్పుల మోత మాయమైంది. మొదటి ప్రతి మరెక్కడా లేదు.

మూడో పని: ఫైలు ఏ తరానిదో గుర్తుపట్టండి

ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు నకలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చిగీతల్లా ఉంటుంది, కంగారు పడవద్దు. మొదటి మూడు అక్షరాలు చూడండి చాలు. ఎఫ్‌డబ్ల్యూఎస్ అని ఉంటే కుదించనిది. సీడబ్ల్యూఎస్ అని ఉంటే కుదించినది, మనకు ఎక్కువగా దొరికేది ఇదే. జెడ్‌డబ్ల్యూఎస్ అంటే మరింత గట్టిగా కుదించినది, చివరి కాలంలో వచ్చింది. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే అది ఎస్‌డబ్ల్యూఎఫ్ కాదు, లేదా దించుకునేటప్పుడు పాడైంది. వేబ్యాక్ నుంచి దించిన ఫైళ్లలో ఒక్కోసారి పాఠానికి బదులు ఒక క్షమాపణ పేజీ వచ్చి కూర్చుంటుంది, పేరు మాత్రం ఎస్‌డబ్ల్యూఎఫ్ అనే ఉంటుంది.

ఆ వెంటనే వచ్చే నాలుగో బైటు ఫైలు సంచిక సంఖ్య. నోట్‌ప్యాడ్‌లో అది కంటికి కనిపించదు, ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే హెక్స్ వీక్షకంలో కనిపిస్తుంది. 8 లేదా అంతకన్నా తక్కువైతే అందులో ఉన్నది ఫ్లాష్‌కు ఆదేశాలు రాసే యాక్షన్‌స్క్రిప్ట్ భాషలో పాతది, అంటే మొదటి లేదా రెండో తరం. 9 నుంచి మూడో తరం ఉండవచ్చు. ఉండవచ్చు అని ఎందుకు అంటున్నానంటే, కొత్త ఫ్లాష్‌లో కూడా పాత భాషలోనే రాసి ప్రచురించిన వాళ్లున్నారు. తర్వాతి పనిలో ఏది సులువుగా ఆడుతుంది, ఏది మొరాయిస్తుంది అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

నాలుగో పని: మళ్లీ ఆడించండి

ముందుగా చేయకూడనిది చెబుతాను. పాత ఫ్లాష్ ప్లేయర్ ఇస్తామని ఊరిస్తున్న ముక్కూమొహం తెలియని సైట్ల జోలికి వెళ్లవద్దు. 2020 తర్వాత ఆ ప్లేయర్‌లోని లోపాలను అడోబీ సరిచేయడం లేదు. దాని పేరుతో వైరస్‌లను అంటగట్టే వాళ్లు మాత్రం ఉన్నారు. బడి కంప్యూటర్‌లో అయితే అసలే వద్దు.

మా పనుల్లో చాలా వాటిని నిలబెట్టింది రఫుల్. ఫ్లాష్ ప్లేయర్ చేసే పనిని మొదటి నుంచి కొత్తగా, రస్ట్ అనే భాషలో రాసిన ఉచిత ప్రోగ్రాం ఇది. దీని మూలం అందరికీ తెరిచే ఉంటుంది. బ్రౌజర్ గీసిన గిరి దాటి ఇది బయటకు రాదు, కనుక పాత ప్లేయర్ తెచ్చిపెట్టిన ప్రమాదాలు దీనితో ఉండవు. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న ఫ్లాష్ బొమ్మలను ఆడించడానికి ఎంచుకున్నది కూడా దీన్నే.

దీన్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు. ఒకటి, కంప్యూటర్‌లో పెట్టుకునే ప్రోగ్రాం. ఫైలును లాగి దాని మీద వదిలితే ఆడుతుంది. పరీక్షించడానికి ఇదే హాయి. రెండు, బ్రౌజర్‌కు తగిలించే పొడిగింపు. పాత సైట్లు చూడటానికి బాగుంటుంది. మూడు, మీ సొంత వెబ్‌సైటులో రఫుల్ ఫైళ్లు పెట్టి, పేజీలో ఒక్క వరుస చేర్చడం. పాత పేజీలో ఫ్లాష్ కోసం రాసిన భాగాన్ని అదే గుర్తుపట్టి ఆడిస్తుంది, చూసేవాళ్లు ఏమీ దించుకోనక్కరలేదు.

ఈ మూడో పద్ధతిలో మమ్మల్ని రాత్రుళ్లు మేలుకునేలా చేసిన చిక్కులు ఇవి. వెబ్‌సైటును పంపే కంప్యూటర్, అంటే సర్వర్, రఫుల్‌ను నడిపే వెబ్ అసెంబ్లీ ఫైలును సరైన రకంగా గుర్తించి పంపాలి, లేకపోతే రఫుల్ మొదలు కావడమే ఆలస్యమవుతుంది లేదా ఆగిపోతుంది. పేజీని కంప్యూటర్ నుంచి నేరుగా తెరిస్తే బ్రౌజర్ భద్రతా నియమాలు అడ్డుపడతాయి. సర్వర్ మీద పెట్టి చూడాలి, లేదా మన కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వర్ నడపాలి. ఇక మూడోది, ఇంగ్లీషు పేర్లలో పెద్ద (క్యాపిటల్), చిన్న అక్షరాల తేడా. విండోస్‌కు ఆ తేడా పట్టదు. చాలా సర్వర్లు నడిచే లినక్స్‌కు పడుతుంది. మా సుమతీ శతకం పాఠంలో బొమ్మలు కదులుతున్నాయి, పద్యం మాత్రం వినిపించదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. పాఠం చిన్న అక్షరంతో మొదలయ్యే పేరును పిలుస్తోంది, ఎంపీ3 ఫైలు పేరు పెద్ద అక్షరంతో ఉంది. పేరు సరిచేసిన నకలును సర్వర్‌లో పెట్టగానే పద్యం వినిపించింది.

పాత యాక్షన్‌స్క్రిప్ట్ పాఠాలు రఫుల్‌లో చాలావరకు నిరాటంకంగా ఆడతాయి. మూడో తరంవి కొన్ని ఆడతాయి, కొన్ని మధ్యలో ఆగుతాయి. ఆగినదాన్ని చచ్చిందని లెక్కకట్టి పారేయవద్దు. రఫుల్‌ను మెరుగుపరుస్తూనే ఉన్నారు, కనుక కొన్ని నెలలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. మా వీణ పాఠం మొదటిసారి బొమ్మ వరకే వచ్చి ఆగింది. తర్వాత వచ్చిన కూర్పులో స్వరాలు పలికాయి. అప్పటికీ ఆడనివాటికి ఫ్లాష్‌పాయింట్ ఉంది. వెబ్ ఆటలనూ, బొమ్మలనూ కాపాడాలని 2018లో స్వచ్ఛందంగా మొదలైన భాండాగారం అది. ఫైలు తన పాత సైటులోనే ఉన్నాననుకునేలా చుట్టూ ఏర్పాటు చేసి ఆడిస్తుంది. ఈఎక్స్‌ఈ మూటలైతే ఇప్పటికీ విండోస్‌లో తెరుచుకుంటాయి, కానీ తెలిసినవారి దగ్గర నుంచి వచ్చినవే, వైరస్ పరీక్ష చేశాకే తెరవండి. ఎఫ్‌ఎల్‌వీ వీడియోలకు పెద్ద కష్టం లేదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో చూడవచ్చు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఐదో పని: లోపలి తెలుగును బయటకు తీయండి

ఇది మన భాషకే ప్రత్యేకమైన చిక్కు. ఇంగ్లీషు మార్గదర్శుల్లో దీని ప్రస్తావన నాకు కనిపించలేదు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

జేపెక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఎస్‌డబ్ల్యూఎఫ్ నకలును తెరిస్తే, మూట విప్పినట్టు లోపలి సరుకంతా వరుసగా కనిపిస్తుంది: గీతలు, బొమ్మలు, చప్పుళ్లు, అక్షరాలు, స్క్రిప్టు. గీతలను ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైళ్లుగా, చప్పుళ్లను ఎంపీ3 లేదా వేవ్ ఫైళ్లుగా విడివిడిగా బయటకు తీసుకోవచ్చు. ఈఎక్స్‌ఈ మూటలో దాగిన ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను కూడా వెతికి పట్టుకుంటుంది. మొదటిసారి దీన్ని తెరిచి గొల్లపల్లిలో రికార్డు చేసిన స్వరాలు ఒక్కొక్కటిగా వరుసలో కనిపించినప్పుడు, మాస్టారు నోట మాట రాక అలా చూస్తూ ఉండిపోయారు.

అక్షరాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పిల్లి గీతల్లా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పాడు కాలేదు. ఆ రోజుల్లో తెలుగును టైపు చేసిన తీరే అది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, గుణింతాలు, వత్తులు కలిపి చూపగల అక్షర యంత్రాంగం ఫ్లాష్ ప్లేయర్‌లోకి వచ్చింది 2008లో, పదో సంచికతో. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, డీటీపీ దుకాణాల్లో అలవాటైన అను వంటి ఫాంట్లనే వాడాం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, వత్తును కూర్చిన ఫాంట్లు అవి. ఫైలు దృష్టిలో అది ఇంగ్లీషు అక్షరాల వరుస. మన కంటికి మాత్రం తెలుగు. ఫాంటు తీసేస్తే తెలుగు మాయమవుతుంది.

ఇలాంటి గండం తెలుగువారికి ఇంతకు ముందు కూడా వచ్చింది. పాత ఫాంట్లలో ఉన్న సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపిన పద్మ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఉండేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పుతో పాత తరహా పొడిగింపులన్నిటికీ స్వస్తి పలికినప్పుడు అది కూడా ఆగిపోయింది. చదవగలిగిన పేజీలు రాత్రికి రాత్రి చదవలేనివి అయ్యాయి.

అక్షరాలు ఫైలులో మూడు రకాలుగా ఉంటాయి. ఒకటి, అక్షరాన్ని విరగ్గొట్టి గీతగా మార్చినవి. అనుభవమున్నవాళ్లు ఎక్కువగా ఇలాగే చేశారు, ఎందుకంటే ఏ కంప్యూటర్‌లోనైనా చెడకుండా కనిపిస్తుంది. ఇవి రఫుల్‌లోనూ చక్కగా కనిపిస్తాయి, కానీ అక్షరంగా బయటకు రావు. చూసి తిరిగి టైపు చేయడమే మార్గం. రెండు, ఫాంటును ఫైలులోనే పొదిగినవి. ఇవీ చక్కగా కనిపిస్తాయి, జేపెక్స్‌లో ఇంగ్లీషు గుర్తులుగా బయటకు వస్తాయి. మూడు, ఫాంటు పొదగనివి. చేసినవారి కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కనుక అప్పట్లో కనిపించాయి. ఇప్పుడు రఫుల్‌లో ఆడిస్తే తెరమీదే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. ఈ మూడో రకానికి చికిత్స ఏమిటంటే, ఏ ఫాంటు వాడారో చేసినవారిని అడిగి, అదే ఫాంటున్న కంప్యూటర్‌లో చూసి చదువుకోవడం.

రెండో రకం, మూడో రకం అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే మార్పిడి సాధనాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాడండి, కానీ వాటిని పూర్తిగా నమ్మవద్దు. కొన్ని ఫాంట్లలో ర వత్తును అక్షరానికి ముందే టైపు చేసేవారు. మార్పిడిలో అది పక్క అక్షరానికి అంటుకుంటుంది. ఫాంటు కూర్పు మారితే స్థానాలు కూడా మారతాయి. మా పద్ధతి ఇది: ఒకరు పాఠాన్ని తెరమీద ఆడిస్తూ గట్టిగా చదువుతారు, ఇంకొకరు మార్చిన పాఠాన్ని చూస్తూ తప్పు దగ్గర ఆపుతారు. పద్యమైతే యతి, ప్రాస తప్పినచోట చెవే పట్టేస్తుంది. ఒక గంటలో పది పద్యాలు తేలతాయి. ఇంతకన్నా తొందరగా చేయాలని చూసిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వచ్చాం.

తీసిన తెలుగును మామూలు టెక్స్ట్ ఫైలుగా, యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో, పాఠం పేరుతోనే పక్కన పెట్టండి. రేపు రఫుల్ కూడా పోయినా ఆ ఫైలును ఎవరైనా చదవగలరు.

ఆరో పని: పేర్లు, గొంతులు, అనుమతులు

ప్రతి పాఠానికీ ఒక చిన్న చీటీ రాయండి. ఎవరు గీశారు, ఎవరు పలికారు, ఎక్కడ రికార్డు చేశారు, ఏ ఏడాది, ఏ ఫాంటు, ఏ తరగతికి. ఆడియోలో వినిపించే ఊరి మాటలకు అర్థం రాయండి. ఇది ఫైలులో ఎక్కడా ఉండదు, మనుషుల జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది.

మా తప్పెటగుళ్ల పాఠంలో పాడిన పెద్దాయన ఇప్పుడు లేరు. గుండెకు కట్టుకున్న తప్పెట మోత నడుమ ఆయన గొంతు 40 సెకన్లు వినిపిస్తుంది. జేపెక్స్‌తో దాన్ని విడిగా తీసి, కుటుంబానికి వినిపించడానికి వాళ్ల ఊరు వెళ్లాం. ఆయన కూతురు మళ్లీ వినిపించమని నాలుగుసార్లు అడిగారు. తాతగారి గొంతు మనుమలకు అదే మొదటిసారి వినడం. బయట పెట్టడానికి అనుమతి అప్పుడే అడిగాం, సంతోషంగా ఇచ్చారు. అనుమతి కాగితం మీద రాయించుకోండి. పిల్లల ఫోటోలు ఉన్న పాఠాలను వారు పెద్దవారై ఒప్పుకునేదాకా బయట పెట్టవద్దు. నేపథ్యంలో సినిమా పాట వాడిన పాఠాలుంటే వాటిని మీ భాండాగారంలో ఉంచుకోండి, ఇంటర్నెట్‌లో పెట్టకండి.

ఏడో పని: ఎక్కడ దాచాలి?

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి దూరాన. నిపుణులు చెప్పే ఈ లెక్క మన తీరానికి మరీ అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, నాలుగేళ్లకు తిత్లీ ఎలా విరుచుకుపడ్డాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఒక ప్రతి విజయనగరంలో, రెండోది శ్రీకాకుళంలో పెట్టి ధైర్యంగా ఉంటే సరిపోదు. ఒకే తుపాను రెండింటినీ ముంచగలదు. మా మూడో ప్రతి హైదరాబాద్‌లో ఒక సభ్యుడి కొడుకు ఇంట్లో ఉంది. అందరికీ చెందదగినవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా పెట్టాం. చీటీనీ, యూనికోడ్ పాఠాన్నీ, వేలిముద్రల జాబితానూ ఫైలుతో పాటే పెట్టండి. కొత్తగా సీడీలు రాయకండి.

ఎనిమిదో పని: ఫోనులో చూసే పిల్లల కోసం

రఫుల్ ఫోనులో కూడా నడుస్తుంది. కానీ ఆ పాఠాలు మౌసు కోసం చేసినవి. మౌసు బాణాన్ని పైకి తెస్తే తెరుచుకునే బొమ్మ, వేలితో తాకే తెరమీద తెరుచుకోదు. చిన్న బొత్తాలు వేలికి అందవు. కీబోర్డు బాణాలతో నడిచే ఆటలకు దారే లేదు. అందుకని కొన్నింటిని కొత్తగా కట్టాలి. అన్నింటినీ కట్టాలని పెట్టుకుంటే ఏదీ పూర్తికాదు. బడిలో ఇప్పటికీ పనికొచ్చేవి రెండో మూడో ఎంచుకోండి. కథలా మొదటి నుంచి చివరి దాకా సాగే బొమ్మలైతే తెరను వీడియోగా రికార్డు చేస్తే సరిపోతుంది, సిరిమానుకు మేము అదే చేశాం. నొక్కితే పలికేవాటికి వీడియో పనికిరాదు.

వీణను మాత్రం మళ్లీ కట్టాం. జేపెక్స్‌తో తీసిన ఎస్‌వీజీ బొమ్మ, అవే స్వరాలు, బ్రౌజర్‌కు సహజంగా అర్థమయ్యే మామూలు వెబ్ పేజీ. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి, ఇప్పుడు ఇంజినీరింగ్ విద్యార్థిని, రెండు వారాల్లో రాసింది. మెట్ల మధ్య దూరం ఫోను తెరమీద వేలికి చాలకపోతే, వీణను పక్కకు జరుపుకునేలా చేసింది. పాత పాఠాన్ని తీసేయలేదు, కొత్తదాని పక్కనే ఉంచాం.

ఇక ఏటా చేయవలసిన పరీక్ష. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవానికి మా వాళ్లందరూ విజయనగరం వస్తారు. ఆ మర్నాడు మా ఇంట్లో కూర్చుని మూడు ప్రతుల వేలిముద్రలను జాబితాతో సరిచూస్తాం. తేడా వచ్చిన ఫైలును మంచి ప్రతి నుంచి మళ్లీ నకలు తీస్తాం. రఫుల్ కొత్త కూర్పు దించుకుని, అంతకు ముందు ఆగిన పాఠాలను మళ్లీ ఆడించి చూస్తాం. ఏది ఎంతవరకు ఆడిందో చీటీలో తేదీతో సహా రాస్తాం. చివరగా మాస్టారు వీణ పాఠం తెరిచి, మంద్రం నుంచి మొదలుపెట్టి 24 మెట్లూ ఒక్కొక్కటిగా నొక్కి వింటారు.